పగులు దాచకుండా పాలమూరు దాకా

పాత గిటార్ అమ్ముదామని ఆన్‌లైన్‌లో ఫొటోలు పెడుతుంటే నా ఫ్రెండ్ ఒకటే సలహా ఇచ్చాడు. ‘రిపేర్ సంగతి రాయకురా, ఎవడూ కొనడు.’ నేను సగమే విన్నాను. బ్రిడ్జి ఊడితే అతికించామని రాశాను. పై చెక్క మీద ఉన్న సన్నటి పగులు గురించి మాత్రం రాయలేదు. ఫొటోల్లో అది కనపడలేదు కూడా.

రాయకుండా వదిలేసిన ఆ ఒక్క లైను నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా నాతోపాటే బస్సులో వచ్చింది.

2019లో ఉద్యోగంలో చేరిన కొత్తలో 9,500 పెట్టి కొన్న గిటార్ అది. కరోనా టైంలో వర్క్ ఫ్రమ్ హోమ్ అని నల్గొండ వచ్చేటప్పుడు తెచ్చుకున్నాను. మళ్లీ ఆఫీసుకు రమ్మన్నారు. నేను వెళ్లిపోయాను, గిటార్ ఇంటి మీది రేకుల గదిలో ఉండిపోయింది. మా నల్గొండ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండు ఎండాకాలాలు గడిచాక కవర్ విప్పి చూస్తే బ్రిడ్జి లేచిపోయి ఉంది. దాని పక్కన వేలెడు పొడవు పగులు.

తప్పు గిటార్‌ది కాదు, నాదే. స్టీలు తీగల గిటార్‌ను శ్రుతి చేసి పెడితే ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. అంటే ఒక మనిషి బరువంత బలం ఆ బ్రిడ్జి మీద ఎప్పుడూ ఉంటుంది. వేడికి జిగురు మెత్తబడితే ఇంకేముంది? వాయించని రోజుల్లో తీగలు కాస్త వదులు చేసి, ఎండ తగలని చోట పెడితే సరిపోయేది.

హైదరాబాద్‌లో ఒక రిపేర్ మేస్త్రీ 1,800 తీసుకున్నాడు. బ్రిడ్జి మొత్తం ఊడదీసి, పాత జిగురు గీకి, కొత్తది పూసి, ఒక రోజంతా క్లాంపులతో బిగించి పెట్టాడు. పగులుకు లోపలి వైపు నుంచి చిన్న చెక్క ముక్కలు అంటించాడు. ‘పగులు ఆగింది బాబూ, పోలేదు’ అన్నాడు. ఆ తర్వాత కూడా నేను వాయించింది నెలకోసారే. ఎవరైనా వాయించేవాళ్ల దగ్గర ఉంటే నయం అనిపించింది.

5,500కి పెట్టాను. వచ్చిన మెసేజ్‌లన్నీ ‘లాస్ట్ ప్రైస్?’ అనే. ఒక్కటి మాత్రం వేరేగా ఉంది. ‘అన్నా, పన్నెండో మెట్టు కాడ తీగ ఎంత ఎత్తున్నది?’

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్న కుర్రాడు. పాత గిటార్ కొనేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న అదే. పన్నెండో మెట్టు తీగను సరిగ్గా సగం చేసే చోటు. అక్కడ తీగ రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే హాయిగా వాయించొచ్చు. అంతకన్నా బాగా లేచి ఉంటే మెడ వంగిందనో, బ్రిడ్జి లేచిందనో అనుమానించాలి. కొలిచి ఫొటో పంపాను. పార్సిల్‌లో వేయడానికి భయమేసింది. దసరాకి ఇంటికి వస్తున్నాను కదా, నేనే తెచ్చిస్తానని చెప్పాను.

నల్గొండ నుంచి హైదరాబాద్ మీదుగా పోవచ్చు. నేను అడ్డదారి పట్టాను: దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్. మూడు బస్సులు మారాలి. కానీ దక్షిణ తెలంగాణ ఎలా ఉంటుందో ఈ దారిలోనే తెలుస్తుంది. కొండమల్లేపల్లి దాకా బత్తాయి తోటలు. దేవరకొండలో పద్మనాయకుల కోట ఉన్న గుట్టలు. ఆ తర్వాత ఎర్రనేల, రాళ్ల గుట్టలు, తెల్లగా పగిలిన పత్తి చేలు.

కల్వకుర్తి బస్సు కిక్కిరిసి ఉంది. గిటార్‌ను ఒళ్లో నిలబెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు పెద్దమ్మ కవర్ మీద చెయ్యి వేసి అడిగింది. ‘ఏంది బిడ్డా, కిన్నెరనా?’

కాదు గిటార్ అని చెప్పాను గానీ, ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. తీగల వాయిద్యం అంటే ఈ నేలకు ముందు గుర్తొచ్చేది కిన్నెరే. కల్వకుర్తి నుంచి అచ్చంపేట వైపు వెళ్తే లింగాల మండలం వస్తుంది. అక్కడి అవుసలికుంటే దర్శనం మొగులయ్య ఊరు. ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో వినిపించే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు. ఫ్యాక్టరీతో పని లేదు. ఏదైనా ఊడితే మైనం పెట్టి మళ్లీ అతికిస్తారు. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని చెప్పుకునే పండుగ సాయన్న కథను పాలమూరు ఊళ్లలో ఈ కిన్నెర మీదే పాడారు.

ఆ కుర్రాడు ఫ్రెట్ అనకుండా మెట్టు అని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది.

జడ్చర్లలో రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు. బాలానగర్ రకం అని దేశమంతా చెప్పుకునే సీతాఫలం పేరు ఈ పక్కనున్న బాలానగర్‌దే. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ ఎంతో దూరం లేదు. ఊరి అసలు పేరు పాలమూరు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు. కాగితాల మీద కొత్త పేరే, నోటికి మాత్రం ఇప్పటికీ పాత పేరే వస్తుంది. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఎన్నో డ్యాములు, రోడ్లు కట్టిన చేతులు. మా కుర్రాడి నాన్న కూడా పుణెలో తాపీమేస్త్రీ.

బస్టాండ్‌లో గోలగా ఉందని బైక్ మీద పిల్లలమర్రికి తీసుకెళ్లాడు. ఊరికి నాలుగు కిలోమీటర్లు. దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న మర్రి, వయసు ఏడు వందల ఏళ్లని చెప్తారు. 2025లో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలు ఫొటోలు దిగింది ఇక్కడే. అంతకు ముందు ఈ చెట్టు చావు అంచుల దాకా వెళ్లొచ్చింది. చెదలు తొలిచేసి కొమ్మ విరిగిపడితే 2017 చివర్లో జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో ఆసుపత్రిలో పేషెంట్‌కు పెట్టినట్టు వందలకొద్దీ సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందును చుక్కలు చుక్కలుగా చెట్టులోకి ఎక్కించారు. బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఆ దిమ్మెలను ఎవరూ దాచలేదు. అందరికీ కనపడేలాగే ఉన్నాయి.

బెంచీ మీద కూర్చుని కవర్ విప్పాను. కుర్రాడు మెడను కంటికి ఆనించి నిటారుగా ఉందో లేదో చూశాడు. బ్రిడ్జి కింద కాగితం దూరుతుందేమో చూశాడు. దూరలేదు. తర్వాత ‘ఇస్సాలేనా అన్నా?’ అన్నాడు, ఫోన్ తీసి డబ్బులు కొట్టబోతూ.

‘ఆగు తమ్మీ, ఒకటి చెప్పలే నీకు’ అని పగులు చూపించాను. సౌండ్ హోల్‌లోకి ఫోన్ లైటు వేసి, లోపలి చెక్క ముక్కలు కూడా చూపించాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. ‘ముందే చెప్పాల్సుండె అన్నా’ అన్నాడు. అవును అన్నాను. వద్దంటే ఇలాగే తీసుకెళ్లిపోతానని కూడా చెప్పాను. వాళ్ల నాన్నకు వీడియో కాల్ చేశాడు. ఆయన గిటార్ ఎప్పుడూ పట్టుకోలేదట. పగులు దగ్గరగా చూపించమని, కొనలు రెండూ చూశాడు. ‘పెన్సిల్ ఉన్నదారా? కొసకు గీత పెట్టి తారీఖు రాయి. గీత దాటి పోకుంటే ఏం కాదు. గోడకైనా మేం గదే చేస్తం.’

కుర్రాడి బ్యాగులో పెన్సిల్ ఉంది. పై చెక్క మీద, పగులు ఆగిన చోట వెంట్రుకంత గీత గీసి, పక్కన చిన్న అక్షరాల్లో తేదీ వేశాడు. బేరం 4,500కి తెగింది. ఆ డబ్బులు ఫంక్షన్లలో క్యాటరింగ్ పనికి పోయి దాచుకున్నవట. తగ్గిన వెయ్యి నేను రాయని లైను ఖరీదు. ఎక్కువనిపించలేదు.

అక్కడే రెండు పాటలు వాయించాడు. వేళ్లు ఇంకా తడబడుతున్నాయి. కానీ నాకన్నా బాగానే వాయిస్తాడు.

తిరుగు బస్సులో ఒళ్లో గిటార్ లేదు, జడ్చర్లలో కొన్న సీతాఫలాల సంచి ఉంది.

మొన్న మేలో పాలమూరులో ఎండలు మండిపోతున్నప్పుడు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మెసేజ్ ఏమీ లేదు. పెన్సిల్ గీత, పక్కన తేదీ. పగులు గీతకు ఇవతలే ఉంది.