స్టాక్‌హోమ్‌లో ఓ రోజు... జంక్షన్ నుంచి ఫోను

హనుమాన్ జంక్షన్ అనగానే చాలామందికి 2001లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. మాకు మాత్రం అది నాలుగు దారులు కలిసే ఊరు. ఇటు బెజవాడ, అటు ఏలూరు, పైకి నూజివీడు, కిందికి గుడివాడ. బస్సు ఏ వైపు నుంచి వచ్చినా ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకోకుండా ముందుకెళ్లరు. అలాంటి కూడలిలో ముప్ఫై ఏళ్లు కాపురం చేసినదానికి స్టాక్‌హోమ్ ఎందుకంత నచ్చిందని మా చుట్టాలు అడుగుతుంటారు. అదీ కూడలే మరి! కాకపోతే అక్కడ కలిసేవి రోడ్లు కావు, నీళ్లు. మేలారెన్ అనే మంచినీటి సరస్సు వచ్చి బాల్టిక్ సముద్రంలో కలిసేచోట, పద్నాలుగు దీవుల మీద కట్టిన నగరం.

అమ్మాయి ఉద్యోగం అక్కడే. ఈ మే నెలలో వెళ్లడం మూడోసారి. తిరుగు ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా ఓ రోజు పూర్తిగా నాకే మిగిలింది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి, మనవరాలు డే కేర్‌కి. "అమ్మా, కార్డు తీసుకో, తప్పిపోతే ఫోన్ చెయ్యి" అని అమ్మాయి వందసార్లు చెప్పింది. మెట్రో, బస్సు, నగరంలో తిరిగే కొన్ని పడవలు కూడా ఆ ఒక్క కార్డుతోనే. నోట్లు ఇస్తే చాలా కొట్లలో తీసుకోరు. మనకిదేం వింత కాదు, జంక్షన్లో కొబ్బరిబోండాల బండికి కూడా స్కానర్ వేలాడుతోందిగా!

మెట్రోలో టి-సెంట్రాలెన్ స్టేషన్‌లో దిగితే రాతి గుహలోకి వచ్చినట్టే ఉంటుంది. గుహ కప్పంతా నీలిరంగు తీగలూ ఆకులూ. 1970ల్లో వేసిన బొమ్మలవి. జనం వాటికేసి చూడకుండా పరుగెడుతుంటారు. రోజూ చూసేవాళ్లకి అంతే కాబోలు.

అక్కణ్నుంచి నడిచి పాతబస్తీకి వెళ్లాను. గామ్లా స్టాన్ అంటారు. రాళ్లు పరిచిన సందులు, పసుపూ కావిరంగూ ఇళ్లు. ఓ సందైతే మరీ ఇరుకు, సన్నగా ఉన్నచోట వెడల్పు 90 సెంటీమీటర్లే. ఎదురెవరైనా వస్తే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. నడిమధ్య చౌకులో పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనంలో నోబెల్ మ్యూజియం ఉంది. 2001లో తెరిచారు. మన సి.వి.రామన్ 1930లో బహుమతి అందుకున్నది ఈ నగరంలోనే. టాగూర్‌కి 1913లోనే ప్రకటించినా ఆయన ఇక్కడికొచ్చి ప్రసంగించింది 1921లో. నాకు బాగా నచ్చింది మాత్రం అమర్త్య సేన్ ఈ మ్యూజియానికిచ్చిన పాత సైకిల్ సంగతి. బెంగాల్ పల్లెల్లో లెక్కల సేకరణకు దానిమీదే తిరిగేవారట. మావారూ అలాంటి సైకిల్ మీదే తోటకెళ్లేవారు. రెండేళ్లయింది ఆయన పోయి. సైకిల్ ఇంకా వసారాలోనే ఉంది.

తోటంటే మూడెకరాలు, జంక్షన్ నుంచి నూజివీడు వెళ్లే దారిలో. మామగారు వేసిన చిన్నరసాలు, కొన్ని బంగినపల్లి, పచ్చడికని కొత్తపల్లి కొబ్బరి. నాలుగేళ్లుగా దాంతో సుఖం లేదు. పూత నిండుగా వస్తుంది, తేనెమంచు పురుగు తినేస్తుంది. మందులు కొట్టి కొట్టి నిలబెడితే ధర ఉండదు. రసాలకి తోలు పల్చన, దూరం పంపితే చితికిపోతాయి. చుట్టుపక్కల చాలామంది చెట్లు కొట్టేసి పామాయిల్ వేశారు. గెలలు కోస్తే ఫ్యాక్టరీ తీసుకుంటుంది, నెలనెలా ఎంతోకొంత డబ్బు కనిపిస్తుంది. మా మరిదీ అదే అంటున్నాడు. కష్టం అతనిది, కాదనడానికి నాకు నోరు రాదు. కలప వ్యాపారి మర్నాడు పొద్దున్నే వస్తాడని, సాయంత్రంలోగా నా మాట చెప్పమని ముందురోజు రాత్రే ఫోన్ చేశాడు.

అదే మనసులో పెట్టుకుని స్లుసెన్ దగ్గర పడవెక్కాను. పది నిమిషాల్లో యూర్‌గోర్డెన్ దీవి. అక్కడ వాసా మ్యూజియం ఉంది. ఒక్క ఓడ కోసమే కట్టిన భవనం! వెయ్యికి పైగా ఓక్ చెట్లు నరికి, 64 ఫిరంగులు బిగించి, రాజుగారి గొప్ప కోసం చేసిన యుద్ధనౌక. అంతకుముందే ముప్ఫై మందిని పైన అటూ ఇటూ పరుగెత్తించి పరీక్షించారు. ఓడ మరీ ఊగిపోతుంటే భయపడి పరీక్ష ఆపేశారుగానీ ప్రయాణం ఆపలేదు. రాజుగారు తొందరపెడుతుంటే ఎవరు చెబుతారు? 1628 ఆగస్టు 10న బయల్దేరి, మైలు దూరమైనా వెళ్లకుండా గాలి విసురుకి పక్కకి ఒరిగి మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీశారు. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి కర్రని తొలిచే పురుగు అక్కడ బతకదట. అందుకే చెక్క అలా నిలిచింది. ఆరిపోయి బీటలివ్వకుండా 17 ఏళ్లపాటు రసాయనం చల్లుతూనే ఉన్నారట. లోపల మసక చీకట్లో ఆ నల్లటి దుంగల ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఓక్ చెట్లన్నాక ఇంకో సంగతి. విసింగ్‌సో అని ఓ సరస్సులో దీవి ఉంది. 1830ల్లో నౌకాదళం కోసమని అక్కడ ఓక్ మొక్కలు వేలకు వేలు నాటించారు. అవి కోతకి వచ్చేసరికి ఓడలన్నీ ఇనుప ఓడలైపోయాయి! అడవి మాత్రం అలాగే ఉంది, జనం వెళ్లి షికార్లు చేస్తుంటారట. ఇది అల్లుడు చెప్పిన కబురు. వినగానే నవ్వొచ్చింది గానీ, మామగారు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మ్యూజియం నుంచి చెట్ల నీడన అరగంట నడిస్తే రోసెందాల్ తోట. ఆపిల్ చెట్లు. మే నెల కదా, తెల్లగా లేతగులాబీగా పూత మీదున్నాయి. అక్కడివాళ్లు కాఫీ, దాల్చినచెక్క బన్ను కొనుక్కుని తెచ్చుకుని ఆ చెట్ల కిందే కూర్చుంటారు. కాలక్షేపంగా ఇలా కాఫీ తాగడాన్ని ఫీకా అంటారు. నేనూ తెచ్చుకున్నాను. కాఫీ మన ఫిల్టర్ ముందు దిగదుడుపే, బన్ను మాత్రం బాగుంది. మనం పూత చూస్తే కాపెంతొస్తుందని లెక్కేస్తాం. వీళ్లు పూత చూడ్డానికే వచ్చారు. వాళ్లకి జీతాలున్నాయి, మా మరిదికి అప్పుంది. ఆ తేడా మర్చిపోయి వీళ్లలా ఉండాలనడం న్యాయం కాదు.

రెండింటికి ఫోన్ మోగింది. మనకి సాయంత్రం అయిదున్నర.

"వదినా, ఏమనుకున్నారు?"

"బావి పక్కన రెండు వరుసల రసాలు ఉంచు బాబూ. మిగతాది నీ ఇష్టం. పామాయిల్ వేసుకో."

"రెండు వరుసలంటే చాలా స్థలం పోతుంది వదినా. ఆ నీడకి పక్క మొక్కలు ఎదగవు."

"ఆ నష్టం నా వాటాలో రాసుకో."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అన్నయ్య కూడా బావి గట్టు మీదే కూర్చునేవాడని మెల్లిగా అన్నాడు. ఎన్ని చెట్లొస్తాయో లెక్కపెట్టి చెప్పమన్నాను. నేను పడవ దిగేలోపే వాట్సాప్‌లో లెక్క వచ్చింది. ఇరవై రెండు. అందులో ఒకటి రసం కాదు, ఎప్పుడో టెంక పడి మొలిచిన నాటు చెట్టు, పీచెక్కువ, దాన్ని తీసెయ్యమంటారా అని అడిగాడు. అదీ ఉంచమన్నాను.