అరువు మెదడు

'స్టార్ ట్రెక్' అనే అమెరికా టీవీ సీరియల్లో చాలామటుకు ఏ వారం కథ ఆ వారానిదే. 1966లో మొదలైన ఆ సీరియల్లో, అంతరిక్ష నౌకమీద ఉహూరా అనే నల్లజాతి యువతి మగవాళ్ల సరసన దర్జాగా అధికారిణి ఉద్యోగం చేస్తుంది. అది చూసి మురిసిపోయిన నాకు, 1968 సెప్టెంబరు 20న వచ్చిన 'స్పాక్స్ బ్రెయిన్' కథ చూశాక ప్రాణం ఉసూరుమంది.

కథేమిటంటారా? ఒకావిడ నౌకలోకొచ్చి, అందర్నీ స్పృహ తప్పించి, స్పాక్ అనే మహా మేధావి మెదడు పట్టుకుపోతుంది. నేల కిందున్న వాళ్ల ఆడరాజ్యంలో గాలీ, వేడీ, నీళ్లూ చూసుకోవడానికి ఆ మెదడు కావాలిట! తీరాచేసి మెదడంటే ఏమిటో ఆ ఆడవాళ్లకే తెలీదు. ఓ యంత్రపు టోపీ పెట్టుకుంటే కాసేపు తెలివొస్తుంది, తర్వాత పోతుంది. చివరికి నౌకలోని డాక్టరుగారు అదే టోపీ పెట్టుకుని మెదడు మళ్లీ అమర్చేస్తారు.

మెదడు తీసి పెట్టడం దగ్గర నాకేం పేచీ లేదండీ. ఏనుగు తల అతికిన కథ వింటూ పెరిగినవాళ్లం! కానీ ఇంటికి నీళ్లూ నిప్పూ చూసుకోవడానికి ఆడది మగవాడి మెదడు అరువు తెచ్చుకోవాలా? నెలాఖర్న నాలుగు రూపాయల్ని నలభైగా సాగదీసే బుర్ర మనకే టోపీ ఇచ్చింది? ఉహూరాని చూపించిన సీరియలే ఇలా చేస్తే, కోపంకన్నా బెంగే ఎక్కువ కలుగుతుంది.

రాసిన జీన్ కూన్‌గారు మంచి కథలెన్నో ఇచ్చినవారే. దీనికి 'లీ క్రోనిన్' అన్న మారుపేరు వేసుకున్నారు. అప్పటికి వేరే స్టూడియోలో పని ఒప్పుకున్నందువల్లనట. కారణం ఏదైతేనేం, ఈ కథ మొత్తంలో తెలివైన పని అదొక్కటే!