పాట రైలెక్కడం మానేసిన ఊరు
ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఫోన్ సొంత యాసలో పాటలు తెచ్చింది. పాడేవాళ్ల చేతిలో పని మాత్రం తగ్గించింది

హౌరాలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు రెండు గంటల్లో ఖరగ్‌పూర్. ఇక్కడి 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టేశాయి. రికార్డు పోయినా, ఈ చివర దిగి ఆ చివరనున్న బోగీ కోసం పరుగెత్తే ప్రయాణికుడి కాళ్లకు ఒరిగిందేమీ లేదు. ఆ నడకలోనే కొత్తవారికి మరో వింత ఎదురవుతుంది. బెంగాలీ, హిందీ, ఒడియాల మధ్య నుంచి ఉన్నట్టుండి తెలుగు వినిపిస్తుంది. అదీ విజయవాడ తెలుగు కాదు. పలాస, టెక్కలి, బొబ్బిలి వైపు తెలుగు.

ఇది నిన్నమొన్నటి వలస కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, పాతతరం నోట బి.ఎన్.ఆర్., ఇక్కడ జంక్షను వేసి వర్క్‌షాపు కట్టిన రోజుల్లో పని వెతుక్కుంటూ గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు రైలెక్కారు. 1920లలో బి.ఎన్.ఆర్. కార్మికులను కూడగట్టిన నాయకుల్లో ప్రముఖుడు బరంపురం తెలుగువాడు, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. తరాలు గడిచాయి. క్వార్టర్ల మధ్య గుళ్లు వెలిశాయి. బాలాజీ మందిర్ పేరుతో ఏకంగా ఒక పేటే ఏర్పడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి చూపూ ముందుగా మళ్లింది ఈ ఊరి వైపే. ఎన్నికలు దగ్గరపడ్డాక వచ్చిన ప్రేమ అని కొందరు పెదవి విరిచారనుకోండి, అది వేరే సంగతి.

మనుషులొచ్చిన దారినే పాట కూడా వచ్చింది. తెలుగు టాకీల తొలి రోజుల్లో సినిమా తీయాలంటే కలకత్తా స్టూడియోలకు వెళ్లాల్సి వచ్చేది. సి.పుల్లయ్య 1934లో తీసిన 'లవకుశ' అక్కడి ఈస్టిండియా ఫిలిం కంపెనీదే. కోస్తా నుంచి కలకత్తా రైలెక్కిన నటీనటులు, గాయకులు ఈ జంక్షను దాటకుండా పోయే వీల్లేదు. ఆ తర్వాత రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమాలు వచ్చాయి. షార్ట్‌వేవ్‌కు దూరం ఒక లెక్క కాదు. ఆపైన క్యాసెట్ల కాలం. సెలవులకు సొంతూరు వెళ్లొచ్చిన వాళ్ల సంచుల్లో జీడిపప్పు, ఆవకాయతో పాటు కొత్త సినిమా క్యాసెట్టు కూడా ఉండేది. అది నాలుగు ఇళ్లు తిరిగి, టేపు సాగి, గాయకుడి గొంతు మారిపోయే దాకా మోగేది.

విశాఖ ఇక్కడికి ఏడొందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. వినేవాడికి ఆ దూరం బెంగ. పాడేవాడికి మాత్రం అదే బతుకుతెరువు. పెళ్లికైనా పూజకైనా తెలుగు పాట కావాలంటే ఊళ్లో పాడేవాడు ఉండాలి, లేదా రైల్లో రప్పించుకోవాలి. సన్నాయి మేళం కానీ, హరికథ చెప్పే భాగవతార్ కానీ అలా రావలసిందే. స్థానికంగా ఆర్కెస్ట్రా కట్టినవాడికి ఒక్క భాషతో గడవదు. ఘంటసాల పాట అందుకున్న గొంతే మరో పందిట్లో కిశోర్ కుమార్‌నూ, ఇంకో పందిట్లో హేమంత ముఖర్జీనీ పలికించాలి. ఇంతటి కలగలుపు ఊళ్లో అది అదనపు అర్హత కాదు, కనీసార్హత. 1995లో ఈటీవీ, జెమిని మొదలై, మరుసటి ఏడాది 'పాడుతా తీయగా' వచ్చినప్పుడు డిష్ యాంటెన్నాల సాయంతో దూరం కొంత తగ్గింది. కానీ టీవీ పాట గోడ దాటి పందిట్లోకి రాలేదు. ఫోన్ వచ్చింది.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక, నెలకు ఒక జీబీ డేటాను పొదుపుగా వాడుకున్న ఇళ్లు రోజుకో జీబీ ఖర్చు చేయడం నేర్చాయి. అదే ఏడాది జనవరిలో గూగుల్, రైల్‌టెల్ కలిసి ముంబై సెంట్రల్‌లో ఉచిత వైఫై మొదలుపెట్టాయి. 2018 నాటికి అది 400 స్టేషన్లకు చేరింది. రైలు కోసం ఎదురుచూపు వీడియో చూసే సమయమైంది. ఇక్కడో పిట్టకథ చెప్పుకోవాలి. యూట్యూబ్‌ను చేతిలో పెట్టుకున్న గూగుల్‌కు అధిపతి అయిన సుందర్ పిచాయ్ ఈ ఊరి ఐఐటీలోనే 1993లో మెటలర్జీ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. 2017 జనవరిలో వచ్చి పాత హాస్టల్ గది చూసుకుని వెళ్లారు. ఐఐటీ ఆవరణకూ రైల్వే కాలనీలకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆయన సంస్థ కాలనీల్లో తెచ్చిన మార్పును కొలిచే పని మాత్రం ఎవరూ పెట్టుకున్నట్టు లేదు.

అభిమానికి దక్కింది తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో సాయంత్రం విడుదలైన పాట ఆ నిమిషానే నింపురా, మథురాకాఠీ కాలనీల్లో మోగుతుంది. అంతకన్నా విలువైనది మరొకటి ఉంది. సినిమా, టీవీ ఇన్నేళ్లూ ఈ ఊరికి తెచ్చిపెట్టింది కృష్ణా, గోదావరి జిల్లాల తెలుగు. ఇంట్లో నాయనమ్మ మాట్లాడేది అది కాదు. 'ఏటి' అంటే, 'గుంట' అంటే తెర మీద అది హాస్యపాత్ర మాటే. యూట్యూబ్‌లో శ్రీకాకుళం, విజయనగరం జానపదాలు వెల్లువెత్తాక మొదటిసారి ఆ యాస నవ్వించడానికి కాక పాడడానికి వినిపించింది. 2020లో వచ్చిన 'పలాస 1978' చిత్రంలో రఘు కుంచె స్వరపరిచిన ఉత్తరాంధ్ర జానపదం 'నక్కిలీసు గొలుసు' సినిమాను మించిపోయి ఫోన్లలో తిరిగింది. ముత్తాత పలాస దగ్గర రైలెక్కిన కుటుంబానికి అలాంటి పాట వినోదంతో ఆగదు.

అయితే ఆ పాట పేరు తెలుగులో రాయమంటే ఇక్కడి పిల్లల్లో చాలామంది తడబడతారు. చదువు ఇంగ్లిష్, హిందీ, బెంగాలీ మాధ్యమాల్లో. తెలుగు ఇంటి భాష, గుడి భాష. లిరికల్ వీడియోలు ఈ లోటును తెలివిగా కప్పేశాయి. తెలుగు పాట సాహిత్యం తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో నడుస్తుంది. చూసి పాడేయొచ్చు. కింద వ్యాఖ్యలూ అవే అక్షరాల్లో. చెవికి తెలుగు బలపడుతున్నకొద్దీ కంటికి దాని అవసరం తగ్గిపోతోంది. అధికార భాష హోదా కాగితం మీదికి వచ్చే వేళకు ఆ కాగితం చదివేవాళ్లు ఎందరుంటారన్నది ఇక్కడి పెద్దలను తొలిచే ప్రశ్న.

ఇక పాడేవాడి సంగతి. కరావోకే ట్రాక్ ఫోన్‌లోకి వచ్చిన రోజున తబలా, కీబోర్డు, గిటారు ముగ్గురూ ఇంటికెళ్లారు. బ్లూటూత్ స్పీకరు పక్కన గాయకుడొక్కడే మిగిలాడు. ఆ ఒక్కడికీ పోటీగా బాక్సులు వచ్చాయి. మెదినీపూర్ జిల్లాల్లో ఊరేగింపు అంటే ఇప్పుడు లారీ నిండా సౌండు బాక్సులు. ఎవరి బాక్సు గుండెలదిరేలా మోగుతుందో తేల్చుకునే పందేలకు యూట్యూబ్‌లో ప్రత్యేక అభిమానులున్నారు. పోలీసులకూ కోర్టులకూ అదో తలనొప్పి. ఆ హోరులో మనిషి గొంతుకు చోటెక్కడ?

పోనీ, ఫోన్‌లోనే పాడి సంపాదించవచ్చు కదా? దారి ఉంది, సుంకం కూడా ఉంది. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే షార్ట్స్‌కు 90 రోజుల్లో కోటి వ్యూస్. స్పాటిఫై 2024 నుంచి ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినని పాటకు రాయల్టీ లెక్కే కట్టడం లేదు. సినిమా పాట సొంత గొంతుతో పాడి పెట్టినా యంత్రం బాణీని పసిగడితే ఆ వీడియో ఆదాయం పాట హక్కులున్న కంపెనీకి వెళ్లిపోవచ్చు. 2012 కాపీరైట్ సవరణ గీత రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా నిలబెట్టింది. ఎవరు కట్టారో తెలియని జానపదానికి ఆ చట్టంలో యజమాని లేడు. ముందు రికార్డు చేసినవాడికి ఆ రికార్డింగు సొంతం.

దీని రుచి బెంగాల్ బాగా చూసింది. 2019లో రానాఘాట్ స్టేషన్‌లో పాడుతున్న రాను మండల్‌ను ఒక యువకుడు ఫోన్‌లో చిత్రీకరించాడు. ఆమె నెలల్లోనే హిమేశ్ రేషమియా స్టూడియోకు చేరింది, తర్వాత అంతే వేగంగా వార్తల్లోంచి జారిపోయింది. వీర్‌భూమ్‌లో పల్లీలమ్ముకునే భువన్ బద్యాకర్ కట్టిన 'కచ్చా బాదాం' 2022 నాటికి దేశాలు తిరిగింది. తన పాట తానే పెట్టుకుంటే కాపీరైట్ అడ్డుపడుతోందని మరుసటి ఏడాది ఆయన వాపోయాడు. అదే జిల్లాకు చెందిన రతన్ కహార్ 1970లలో కట్టిన పాటలోని చరణాలు 2020లో బాద్‌షా 'గేందా ఫూల్'లో ఆయన పేరు లేకుండానే మోగాయి. గొడవయ్యాక ఐదు లక్షలు అందాయి. 2024లో పద్మశ్రీ వచ్చింది. మన తూర్పు గోదావరిలో కూలిపని చేసుకునే పసల బేబి పాట 2018లో ఎ.ఆర్.రెహమాన్ దాకా వెళ్లిందంటే అదీ ఫోన్ చలవే. అదృష్టం ఒక్కరిని ఎత్తుకుపోతుంది. పక్కన కూర్చుని తాళం వేసినవాడు అక్కడే ఉంటాడు.

ఫోన్‌ను లొంగదీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, ఖరగ్‌పూర్‌కు అట్టే దూరం కాని పింగ్లా దగ్గర నయా అనే పల్లె చూడాలి. అక్కడి చిత్రకారులు బొమ్మల చుట్ట విప్పుతూ దాని కథను పాడతారు. 2020 లాక్‌డౌన్‌లో స్వర్ణ చిత్రకార్ కరోనా మీద పటం గీసి పాడిన వీడియో ఆమెను దేశమంతా తెలిసేలా చేసింది. అయితే వారికి అమ్ముకోవడానికి పటం ఉంది. వీడియో ప్రచారమైతే పటం సరుకు. ఉత్త గొంతు తప్ప మరేమీ లేని గాయకుడికి ఆ వీలు లేదు.

అందుకే ఖరగ్‌పూర్‌లో ఇంకా చేతికి డబ్బు అందే పని, ఫోన్ పూర్తిగా లాక్కోలేని పని ఒకటి చూడాలంటే తెలుగువారి మాతాపూజ రోజుల్లో వెళ్లాలి. ఎండలు ముదిరే వేళకు వీధుల్లో ఘటాలు కదులుతాయి, వేపాకు వాసనొస్తుంది. బాక్సులు ఎన్ని మోగినా అమ్మవారి ముందు నడవడానికి డప్పు కావలసిందే. ఆ ఊరేగింపును వందల ఫోన్లు పట్టుకుంటాయి. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలకు వెళ్లిన కాలనీ పిల్లలు దాన్ని చూసి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు దండాలు పెడతారు. వీడియో కింద కాలనీ పేరు ఉంటుంది, చిత్రీకరించిన కుర్రాడి చానెల్ పేరు ఉంటుంది. డప్పు కొట్టినవాళ్ల పేర్లు ఉండవు. వాళ్ల కూలి పూజ కమిటీ అదే రాత్రి లెక్కపెట్టి చేతిలో పెడుతుంది.