పడవ క్యాబిన్‌లో చెక్క నేల

ఈ శనివారం సియాటిల్ రేవులో మా పాత తెరచాప పడవ క్యాబిన్ నేల పలకలన్నీ పైకి తీశాను. టేకు రంగు, మధ్యలో హాలీ చెక్క తెల్ల గీతలు. ఎంత అందమో! చూడ్డానికి నిండు చెక్కలా ఉంటుంది గానీ, ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి పొర అది. మెషీన్‌తో గట్టిగా రుద్దితే కింది ప్లై బయటపడుతుంది. అందుకే సన్న ఉప్పుకాగితంతో, చేత్తోనే రుద్దుతున్నాను.

అంచులు మాత్రం నల్లబడ్డాయి. పడవ అడుగున నిలిచిన నీటి తేమ, కోసిన అంచుల్లోంచి లోపలికి ఎక్కింది. రెండు పలకలు పొరలు పొరలుగా విడిపోయాయి, మార్చక తప్పదు. పాతవాటినే కొలతకు పెట్టుకుని కొత్తవి కోస్తాను. మిగతావాటికి ముందు అంచులకూ అడుగువైపూ ఎపాక్సీ, ఆ తర్వాతే పైన వార్నిష్.

పాత పడవ కొనేవాళ్లు పైమెరుపు చూసి మురిసిపోకండి. ఒక్క పలక ఎత్తి దాని అడుగు చూడండి.