తూటా అంచు దగ్గరే తంటా

మాస్టారూ, ఒక్కసారి ఇటు గోడ దగ్గరికి రండి. మొక్కలకి నీళ్లు తర్వాత పెట్టుకుందురుగానీ. మీ బావమరిదిగారి రైఫిలు సంగతే. ఎలక్షన్లప్పుడు పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేసిన 315 తిరిగొచ్చాక తూటా ఎక్కడం లేదనీ, బోల్టు తోస్తే సగంలో బిగుసుకుంటోందనీ అన్నారు కదా. లేత్ పనివాడి చేత, తూటా కూర్చునే చాంబరు నోరు కాస్త అరగదీయిస్తానంటున్నారట. ముందు ఆ పని ఆపమనండి. ఈ పూటే ఫోన్ చేసి చెప్పండి. అరగదీసిన ఇనుము మళ్లీ రాదు. తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడంతా కాయాల్సింది చాంబరే.

ఆ రైఫిలు మా పోలీసుల త్రీ నాట్ త్రీకి తోడబుట్టిందే. 303 బోరుకి మామూలు జనానికి లైసెన్సు రాదు. అందుకే బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీవాళ్లు అదే లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు పద్ధతిలో, వేరే తూటా పెట్టి 315 చేశారు. రెండు తూటాలకీ అడుగున చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మేం రిమ్ అంటాం. తంటా అంతా దాంతోనే. మేగజీన్లో తూటాలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి కదా, పై తూటా రిమ్ ఎప్పుడూ కింది తూటా రిమ్‌కి ముందుండాలి. వెనక పడిందా, బోల్టు పైదాన్ని తోసినప్పుడు అది కిందిదాన్ని తన్ని పట్టేస్తుంది. ఇంక ఎంత బలం పెట్టినా కదలదు. రైఫిలు చెడిందనుకుంటాం, నిజానికి నింపడంలోనే తేడా.

పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్) హెడ్‌క్వార్టర్స్‌లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసినన్నాళ్లూ నేను చూసిందిదే. రేంజిలో కుర్రాళ్లు కంగారుగా పరిగెత్తుకొచ్చేవారు, "సార్, బోల్టు పోయింది" అంటూ. మేగజీన్ ఊడదీసి పైనుంచి చూస్తే, రెండో తూటా రిమ్ మూడోదాని వెనక నక్కి ఉండేది. వేలితో వెనక్కీ ముందుకీ సర్ది, వరస కుదిర్చి ఇస్తే అదే రైఫిలు చక్కగా కాల్చేది. 303లో అయిదేసి తూటాల చార్జర్ క్లిప్పు ఉంటుంది. అందులో మూడు రిమ్‌లు కిందికీ రెండు పైకీ వచ్చేట్టు పేర్చేవాళ్లం. అలా పేరిస్తే క్లిప్పు ఎటు తిప్పి పెట్టినా ఒకటే. అలాంటివి రెండు క్లిప్పులు దించితే పది తూటాల మేగజీన్ నిండుతుంది.

ఇంకోటి వినండి. ఆ మేగజీను మాటిమాటికీ మార్చుకోవడానికి చేసింది కాదు. తొలినాళ్ల లీ రైఫిళ్లలో దాన్ని చిన్న గొలుసు లింకుతో తుపాకికే తగిలించేవారు, ఎక్కడా జారిపోకుండా. ఏ రైఫిలు మేగజీను పెట్టె ఆ రైఫిలుకే సర్ది కూర్చోబెట్టేవారు. స్టోర్లో పెట్టెలు అటూ ఇటూ మారితే చాలు, మేకర్ ఒకడే అయినా పేచీ మొదలవుతుంది. మీవాళ్లది కూడా స్టేషన్లో వేరేవాళ్ల పెట్టెతో మారిందేమో, ముందు అది చూడమనండి. సరిగా పనిచేస్తున్న ఇంకో 315 మేగజీను పెడితే డమ్మీ తూటా ఎక్కిందా, జబ్బు పెట్టెదే, రైఫిలుది కాదు.

పెట్టెదే అయితే చూడాల్సినవి కొన్నున్నాయి. లోపల గట్టిపడిన పాత గ్రీజు, తుప్పు, పక్కన పడ్డ చిన్న సొట్ట. వీటితోనే సగం రోగాలు. స్ప్రింగు నీరసిస్తే తూటా పైకి సరిగా లేవదు, బోల్టు దానిమీంచి జారిపోతుంది. పెట్టెని పట్టుకునే క్యాచ్ అరిగినా పెట్టె కిందికి దిగి ఇదే వరస. తూటా ముందుగానే ఎగిరిపడుతుంటే, పైన రెండువైపులా లోపలికి మడిచిన రేకులు, అవే లిప్స్, తెరుచుకున్నాయన్నమాట. వాటిని నోస్ ప్లయర్‌తో వెంట్రుకవాసి మాత్రమే లోపలికి వంచి, డమ్మీ రౌండ్లతో ఆడించి చూసి, మళ్లీ వెంట్రుకవాసి. ఆ పనిలో తొందరపడితే రేకు విరుగుతుంది. అసలైన తూటాతో ఇంట్లో పరీక్ష మాత్రం ఎవరూ చెయ్యకూడదు. ఆ పని చేసే గదిలో అసలైన తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్‌లో 303 రైఫిల్నే 7.62 తూటాకి మార్చి చేశారు, పన్నెండు తూటాల పెట్టెతో. ఆ తూటాకి బయటికొచ్చే రిమ్ లేదు, రిమ్ తన్నుకోవడమనే మాటే పోయింది. 303 మాత్రం చాలాకాలం నిలబడింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో దానికి వీడ్కోలు పలికారు. అంత సేవ చేసిన యంత్రానికి తోబుట్టువు లేత్ బల్లమీద పాడవడం నాకు ఇష్టం లేదు మాస్టారూ.

ఈ సర్దుబాట్లన్నిటికీ లైసెన్సున్న గన్ రిపేర్ షాపుకే తీసుకెళ్లమనండి. రైఫిలూ, మేగజీనూ, లైసెన్సు పుస్తకమూ మూడూ కలిపి తీసుకెళ్లాలి. తూటాలు మాత్రం ఇంట్లో బీరువాలో తాళం వేసే ఉంచమనండి.