జొన్న నీళ్ళు

నాలుగేళ్ల కింద మా పత్తి చేను ఒక్క వారంలో గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఆకులు బెండాకుల్లా చీలిపోయి సన్నగా సాగాయి. అబ్బా ఏదో తెగులనుకున్నారు. తీరా చూస్తే అడిగి తెచ్చుకున్న స్ప్రేయర్. మొక్కజొన్నలో 2,4-డి కొట్టి, కడక్కుండా ఇచ్చారు. అందులోనే పురుగుమందు కలిపి కొట్టేశాం. ఆ కలుపుమందు కొంచెం సోకినా పత్తికి జహరే. ఆ ఏడు కౌలు డబ్బులు కూడా రాలేదు, కర్జ్ మాత్రం మిగిలింది. అప్పట్నుంచి కలుపుమందు మాటెత్తితే అబ్బా దస్తర్‌ఖాన్ ముందునుంచి లేచిపోతారు.

మందు లేకపోతే ఇక అమ్మీ నడుమే దిక్కు. ఫజర్ అయ్యాక ఖాలాలతో కలిసి చేలో వంగితే ఎండ నెత్తికెక్కేదాకా లేవదు. మా చేను అయ్యాక పక్కవాళ్ల చేలోకి, మజ్దూరీకి.

జొన్న నీళ్ళ సంగతి నాకు చదువులో తగిలింది. ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దాని మీద చాలా కాలం పనిచేశారు. ముదిరిన జొన్నమొక్కను ముక్కలుగా కోసి ఆరబెట్టి, కిలోకి పది లీటర్ల నీళ్ళలో ఒక రోజు నానబెట్టి వడకడతారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు సోర్‌గాబ్. సోర్గమ్ అంటే జొన్న, ఆబ్ అంటే నీళ్ళు. గోధుమ చేలో దాంతో కలుపు బరువు మూడోవంతు నుంచి సగం దాకా తగ్గిందని రాశారు.

అబ్బాకి చెబితే, "గులాబ్‌లో ఉన్న ఆబేనా బేటా?" అని నవ్వారు. తర్వాత ఆయనే అన్నారు: "జొన్న వేసిన చోట తర్వాతి పైరు సరిగ్గా ఎదగదని మా అబ్బాజాన్ కూడా అనేవారు." ఉత్త మాట కాదది. జొన్నవేళ్ల నూగునుంచి సోర్గోలియోన్ అనే జిడ్డు పదార్థం ఊరుతుంది, చిన్న మొక్కలు ఎండనుంచి తిండి వండుకునే పనికి అది అడ్డుపడుతుంది. నానబెట్టిన నీళ్ళలోకి దిగేవి ఎక్కువగా వేరే పదార్థాలు, ఫినాలిక్ ఆమ్లాలు. ఇలా ఒక మొక్క ఇంకో మొక్కను అణచడాన్ని అల్లెలోపతి అంటారు. 1937లో హాన్స్ మోలిష్ అనే ఆయన పెట్టిన పేరు.

చేలో కొట్టేముందు ఇంట్లో రెండు స్టీలు పళ్ళాల్లో తడిగుడ్డ పరిచి గునుగు గింజలు, మిరప గింజలు చల్లాను. ఒకదానికి మామూలు నీళ్ళు, ఒకదానికి జొన్న నీళ్ళు. జొన్న నీళ్ళ పళ్ళెంలో గునుగు నాలుగైదే మొలిచింది. నా ఖుషీ ఎంతోసేపు లేదు, మిరప గింజలు కూడా బద్ధకంగా, ఆలస్యంగా లేచాయి. దానికి మనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న ఫరఖ్ లేదన్నమాట. అందుకే మిరపనారు నాటకముందు, తడినేల మీద రెండుసార్లు కొట్టాం. అదీ పది సెంట్లలోనే. స్ప్రేయర్ కొత్తది, కొనుక్కున్నదే.

గునుగు, గలిజేరు బాగా పలచబడ్డాయి. తుంగ మాత్రం షర్బత్ తాగినట్టు లేచింది. గింజనుంచి వచ్చేదాన్ని ఆపొచ్చేమో గాని, లోపల గడ్డ ఉన్నదానికి ఈ నీళ్ళేం చేస్తాయి? దానికి గుంటకా, చేతులే గతి.

రాత్రి అమ్మీకి చూపిస్తూ, ముందు ముందు ఇంకా తగ్గుతుంది ఇన్‌షా అల్లాహ్ అన్నాను. అమ్మీ కాసేపు మాట్లాడలేదు. "మన చేలో తగ్గితే మంచిదే. ఊరంతా తగ్గితే ఖాలాల రోజీ ఏంగావాలి?" అంది. పెద్ద ఖాలా బిడ్డ ఫీజు కలుపు మజ్దూరీలోంచే కడుతోందని నాకు తెలుసు. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడూ నా దగ్గర లేదు.

ఈ ఏడు అబ్బా ఎవరూ చెప్పకుండానే బర్రెకు వేసే చొప్పలోంచి రెండు మోపులు పక్కన పెట్టారు. అరెకరానికి కొడదామంటున్నారు. అమ్మీది ఒకటే షరతు: కొట్టేముందు రోజు తనకు చెప్పాలి, చేలో పాయలకూర కోసుకోవాలి.