పెన్సిల్ కన్నా ముందే లెక్క



చిన్న క్లాసుల పిల్లల తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగ్‌లో ముందుగా తెరిచేది మ్యాథ్స్ నోట్‌బుక్. పేజీ నిండా అంకెలుంటే సంతోషం. సగం ఖాళీగా ఉంటే, "మేడమ్, మావాడికి లెక్కలు రావడం లేదండీ" అంటారు. పక్కనే నిలబడి పిల్లాడు ఆ మాట వింటూ ఉంటాడు. నోట్‌బుక్‌లో మనకు కనబడేది వాడు ఎంత రాశాడన్నదే. ఎంత తెలుసో తెలియాలంటే ఇంకోలా అడగాలి. ఈ సంగతి బీఎడ్‌లో చదువుకున్నాను కానీ, బాగా అర్థమైంది మాత్రం మా అక్కవాళ్లింట్లోనే.

అక్కవాళ్లది తెనాలి. వాళ్లబ్బాయిని మేం బుజ్జిగాడు అంటాం. అప్పుడు వాడికి ఐదున్నరేళ్లు, యూకేజీ అయిపోయింది. పెన్సిల్‌ని పిడికిలితో బిగించి పట్టేవాడు. నాలుగు అంకెలు రాసేసరికి వేళ్లు నొప్పి అని చెయ్యి విదిలించేవాడు. 2 రాయబోతే అది సున్నాలా చుట్టుకుపోయేది. 1 నుంచి 50 వరకు రాయమంటే ఏడుపే. అప్పటి స్కూలువాళ్లు ప్రోగ్రెస్ కార్డు మీద "మ్యాథ్స్‌లో చాలా వెనకబడ్డాడు, యూకేజీ మళ్లీ చదివించండి" అని రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు దాని గురించి మాట్లాడుకుంటుంటే వాడూ విన్నాడు. "పిన్నీ, నాకు మ్యాథ్స్ రాదు" అని వాడే నాతో అన్నాడు. ఐదున్నరేళ్లకే పిల్లాడు తన గురించి తాను అలా తేల్చేసుకుంటే నాకు భయం వేసింది.

వేసవి సెలవులకు అక్కడికి వెళ్లినప్పుడు అక్కతో ఒక మాట అనుకున్నాం. నెల రోజులపాటు లెక్కల టైంలో పెన్సిల్ ఉండదు. రాత పని రాతదే, అది వేరే టైంలో. బావగారికి ఇది నచ్చలేదు. "రాయకుండా లెక్కలేంటమ్మా? రేపు పరీక్ష పెట్టేది పేపర్ మీదే కదా?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. "బావగారూ, వాడి మీద రెండు పనులు ఒకేసారి పెడుతున్నాం. ఎనిమిదీ ఐదూ కలిపితే ఎంతో ఆలోచించాలి, వచ్చిన జవాబుని కాగితం మీద గీయాలి. గీయడంతోనే ఓపికంతా అయిపోతే ఇక ఆలోచించేదెప్పుడు?" అన్నాను. సరే, నెల రోజులు చూద్దాం అన్నారు.

బీఎడ్‌లో మేం జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త గురించి చదువుకుంటాం. నేర్చుకోవడంలో ఆయన మూడు మెట్లు చెప్పారు: చేత్తో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తులతో చెప్పడం. కాగితం మీది 5 ఒక గుర్తు, అంటే మూడో మెట్టు. ఇళ్లలో మనం చాలాసార్లు పిల్లల్ని నేరుగా ఆ మూడో మెట్టు మీదే నిలబెడతాం.

బుజ్జిగాడితో మొదట చింతపిక్కలతో మొదలుపెట్టాం. చింతపండు గింజ తీసినప్పుడు మా అమ్మ దాచినవి డబ్బాడు ఉన్నాయి. వంద వరకు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా వస్తువుల్ని లెక్కపెట్టేటప్పుడు ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెడతారు, ఒకదాన్ని వదిలేస్తారు. అందుకని లెక్కపెట్టిన పిక్కను పక్క గిన్నెలో వేయమన్నాను. ఒక పిక్కకి ఒకే అంకె. ఏడు పిక్కలు లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడిగితే వాడు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆఖర్న చెప్పిన అంకే మొత్తం అని వాడికింకా తెలియదన్నమాట. నోట్‌బుక్ ఎన్నిసార్లు తిరగేసినా ఈ విషయం మాకు తెలిసేది కాదు. నాలుగైదు రోజులు పిక్కలతో, ఉల్లిపాయలతో, డాబా మెట్లతో అదే ఆట ఆడాక "ఏడు" అని ఠక్కున చెప్పడం మొదలుపెట్టాడు.

తర్వాత గుడ్ల ట్రే. 30 గుడ్ల అట్ట ట్రేలో వరుసకి ఐదు గుంతల చొప్పున ఆరు వరుసలుంటాయి. రెండేసి వరుసలుగా కత్తిరిస్తే పది గుంతల ముక్కలు మూడు వస్తాయి. ఒక ముక్కలో ఏడు పిక్కలు వేసి, ఒక్క క్షణం చూపించి చేత్తో మూసేసేదాన్ని. పై వరుస నిండా ఐదు, కింద రెండు, ఖాళీలు మూడు. పదికి ఎన్ని తక్కువో రోజూ చూసి చూసి వాడి కళ్లకే అలవాటైపోయింది.

మూడో వారంలో ఒక సాయంత్రం ఒక ముక్కలో ఎనిమిది, ఇంకో ముక్కలో ఐదు వేసి మొత్తం ఎన్ని అని అడిగాను. వాడు ఒకటి నుంచి లెక్కపెట్టలేదు. ఐదులోంచి రెండు పిక్కలు తీసి ఎనిమిదున్న ముక్కలో వేశాడు. "ఇది నిండిపోయింది పిన్నీ, పది. ఇంకా మూడున్నాయి. పదమూడు" అన్నాడు. బావగారు చదువుతున్న పేపర్ పక్కన పెట్టి, "ఏదీ, తొమ్మిదీ నాలుగూ చెప్పు" అన్నారు. వాడు ఒకే ఒక్క పిక్క జరిపి నవ్వాడు. "మళ్లీ పదమూడే నాన్నా!" పదిని నింపి కూడే ఈ పద్ధతిని మేం క్లాసులో ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పుతాం. యూకేజీ మళ్లీ చదవాలన్న పిల్లాడు దాన్ని తనంతట తానే పట్టుకున్నాడు.

వాడు "పదమూడు" అన్నాడని గమనించారా? నేను చదివిందీ, చెబుతున్నదీ ఇంగ్లిష్ మీడియంలోనే. అయినా ఇంట్లో మొదటి లెక్కలు తెలుగులో చెప్పమనే అంటాను. ఇంగ్లిష్‌లో ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందు, పది తర్వాత వినిపిస్తాయి. విన్న వరుసలో రాస్తే అది 41 అవుతుంది. పైగా ఫోర్టీన్, ఫార్టీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెలుగులో పద్నాలుగు అంటే పది ముందు, నాలుగు తర్వాత. రాసే వరుసా అదే. పది, ఒకట్లు అన్న ఆలోచన తెలుగులో కుదిరాక ఇంగ్లిష్ పేర్లు నేర్చుకోవడం పెద్ద పని కాదు.

మరి రాయకుండా జవాబు ఎలా చూపిస్తాడు? పాత గోడ క్యాలెండర్‌లోంచి అంకెలు కత్తిరించి అట్టలకి అంటించాం. పదమూడు అంటే 1 తీసి పక్కన 3 పెడతాడు. డబ్బుతో అయితే పది రూపాయల నోటు ఒకటి, రూపాయి బిళ్లలు మూడు. రాత్రిపూట అష్టాచెమ్మా. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. పడిన పందెం చూడగానే చెప్పాలి, అన్ని గళ్లు కాయ జరపాలి. కూడికలు చేస్తున్నానని వాడికి తెలియనే తెలియదు.

రాతనీ వదిలేయలేదు. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం కదా, మళ్లీ ఆ పళ్లెం దగ్గరికే వెళ్లాం. బొంబాయి రవ్వలో వేలితో రోజుకి రెండు అంకెలు. వేళ్లకి బలం కోసం చపాతీ పిండి పిసకడం, పల్లీలు వలవడం, తీగ మీది బట్టలకి క్లిప్పులు పెట్టడం.

బుజ్జిగాడు ఇప్పుడు వేరే స్కూల్లో ఒకటో క్లాసు. చేర్చేటప్పుడే అక్క టీచర్‌తో మాట్లాడింది. లెక్కల్లో సగం రాస్తాడు, మిగతావి నోటితో చెబుతాడు. వారానికోసారి గుంటూరులో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరకి తీసుకెళ్తున్నారు. రాత ఇంకా నెమ్మదే. కానీ "నాకు మ్యాథ్స్ రాదు" అన్న మాట మాత్రం వాడి నోట మళ్లీ రాలేదు.

మీ పిల్లలకి తోటివాళ్లతో పోలిస్తే రాత బాగా కష్టంగా ఉంటే బద్ధకం అనుకుని కోప్పడకండి. క్లాస్ టీచర్‌తో, పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. రాతకు సంబంధించిన డిస్‌గ్రాఫియాను మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. అలాంటి పిల్లలకి సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సాయం వంటి వెసులుబాట్లున్నాయి. మా బావగారి ప్రశ్నకి ఇదీ ఒక జవాబే.

ఈ నెల రోజూ పది నిమిషాలు పెన్సిల్ లేకుండా లెక్కలు చేయించి చూడండి. వంటింట్లో ఉన్నవే చాలు. జవాబు తప్పయినా ఒప్పయినా "నీకెలా తెలిసింది నాన్నా?" అని అడగండి. వాళ్లు చెప్పింది డైరీలో రెండు లైన్లు రాసి మాకు పంపండి. నలభై మంది ఉన్న క్లాసులో మాకు కనబడనిది మీకు ఇంట్లో కనబడుతుంది. అది తెలిస్తే మర్నాడు మేం ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలుస్తుంది.